గాదె నిండితే కంచం నిండినట్టేనా?

ఒక రాజ్యంలో ప్రజలు కడుపునిండా తిన్నారా లేదా అన్న ప్రశ్నకు ఎవరిని సాక్ష్యం అడగాలి? రాజును అడిగితే తిన్నారనే చెబుతాడు. ఆస్థానకవిని అడిగితే తినగా మిగిలింది పశువులకు వేశారంటాడు. ఆ రాజ్యాన్ని జయించి వచ్చిన శత్రువును అడిగితే ఆనాటికి తన అవసరమేమిటో చూసుకుని ఆ ప్రకారం చెబుతాడు. అసలు తిన్నవాడూ, పస్తున్నవాడూ మాత్రం సాక్ష్యానికి రారు. వాళ్లకు వ్రాత లేదు. వాళ్ల మాటను వ్రాసిపెట్టిన వాడూ లేడు.

అయినా వాళ్లొక సాక్ష్యం విడిచిపోయారు. అది వాళ్ల ఎముక. దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల గుహల్లోనూ, పసిఫిక్ తీరపు ఎడారి ఇసుకలోనూ ఎముకలూ, పళ్లూ, వెంట్రుకలూ వేల సంవత్సరాలుగా చెడకుండా నిలిచివున్నాయి. ఆ ప్రజలు ఏం తిన్నారో, ఏ రోగాలతో తీసుకున్నారో, వాళ్ల కీళ్లు ఎంత అరిగాయో శాస్త్రజ్ఞులు వాటినుంచి చదువుతున్నారు. సాహిత్య విమర్శ పత్రికలో ఈ ఎముకల గొడవ దేనికని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: మనవాళ్లు కొందరు ఒక పాత కథను చరిత్ర అని నమ్మి ఇప్పటికీ సభల్లో చెబుతున్నారు. ఆ కథను ఎముకలు ఒప్పుకోవడం లేదు.

కథ ఇది. 1532లో స్పెయిన్ సేనలు అడుగుపెట్టకముందు, కూస్కో రాజధానిగా ఇన్కా ప్రభువులు ఏలిన మహారాజ్యంలో ఆకలి అనేది లేదు. భూమి అందరిదీ. పండిన పంట గాదెలకు చేరేది. గాదెలనుంచి ముసలివారికీ, వితంతువులకూ, అనాథలకూ అందేది. కనుక అది సోషలిజం పుట్టకముందే పుట్టిన సోషలిజం!

ఈ కథకు మూలపురుషుడు గార్సిలాసో దె లా వేగా. తండ్రి స్పెయిన్ సేనాని, తల్లి ఇన్కా రాజవంశపు స్త్రీ. ఆయన గ్రంథం మొదటి భాగం 1609లో లిస్బన్‌లో అచ్చయింది. ఓడిపోయిన తన మాతృవంశం అనాగరికమైనది కాదని జయించినవారి ఎదుట రుజువు చెయ్యడానికి ఆయన కలం పట్టాడు. ఆ ఆరాటాన్ని మనం అర్థం చేసుకోగలం. కాని అది రాజవంశపు ఆరాటమని మరిచిపోకూడదు. మనం ప్రబంధంలో పురవర్ణన చదివి, ఆ నగరంలో దరిద్రుడే లేడని చరిత్ర వ్రాస్తే మన విద్యార్థులే నవ్వుతారు. మరి గార్సిలాసో పురవర్ణనను మాత్రం ఎందుకు చరిత్రగా మింగాలి?

1928లో ఈ కథకు రెండు కొత్త ప్రాణాలు వచ్చాయి. ఆ ఏడే పెరూ సోషలిస్టు పార్టీని స్థాపించిన మరియాతెగి తన ఏడు వ్యాసాల సంపుటం ప్రకటించి, ఇన్కాల కాలపు గ్రామ సమష్టిలో — దాన్ని అక్కడ అయ్యూ అంటారు — సామ్యవాద బీజాలు చూశాడు. ఆ ఏడే లూయీ బోదాన్ అనే ఫ్రెంచి అర్థశాస్త్రవేత్త ఇన్కాల రాజ్యాన్ని సోషలిస్టు సామ్రాజ్యమని పేరుపెట్టి పుస్తకం వ్రాశాడు. మరియాతెగికి కావలసింది తన కాలపు పెరూ రైతుకు భూమి. ఇన్కా పాలన నిరంకుశమైనదన్న సంగతి ఆయన దాచలేదు. బోదాన్‌కు కావలసింది సోషలిజం మనిషిని యంత్రం చేస్తుందని చూపడం. తమాషా ఏమిటంటే, మనలో కొందరు బోదాన్ పుస్తకం పేరు మాత్రం విని దాన్ని పొగడ్త అనుకున్నారు. మెచ్చినవారూ, తిట్టినవారూ ఒక్క విషయంలో ఏకమయ్యారు: గాదె నిండితే కంచం నిండినట్టేనని ఇరుపక్షాలూ నమ్మాయి.

గాదెలు నిజమే. ఎవరూ కాదనలేదు. వానుకో పంపా అనే ఇన్కా పట్టణం పక్కన కొండవాలులో సుమారు 500 ధాన్యాగారాలు వరసలు తీరివున్నాయి. మంతారో లోయలో అటువంటివి రెండు వేలకు పైగా లెక్కపెట్టారు. స్పెయిన్ సైనికులు వచ్చి వాటిమీద పడి ఏళ్లతరబడి తిన్నారు. ఏమేమి తీసుకుపోయారో అక్కడి సౌసా ప్రభువులు తాళ్లకు ముడులు వేసి లెక్క వుంచుకుని, 1561లో లీమా న్యాయస్థానంలో ఆ ముడులు చదివి వినిపించారు. అంత ఖచ్చితమైన లెక్కలు గల రాజ్యమది. కాని లెక్క గాదెలోకి వచ్చినదానికీ, గాదెలోనుంచి పోయినదానికీ. ఎవరి కడుపులోకి పోయిందో ముడి చెప్పదు.

ఈ చిక్కును మొదట గట్టిగా పట్టుకున్నవాడు మన గౌరవానికి పాత్రుడైన మనిషే. జాన్ ముర్రా — స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకోకు వ్యతిరేకంగా అంతర్జాతీయ దళంలో తుపాకి పట్టినవాడు. ఆ తర్వాత పండితుడై, 1950లలో ఇన్కా రాజ్యపు ఆర్థిక వ్యవస్థమీద పరిశోధన చేశాడు. 1960లో ప్రకటించిన వ్యాసంలో ఆయన చూపిన తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా లోతైనది. ఆండీస్ ఎత్తుల్లో రైతు తిండి బంగాళాదుంప, ఇతర దుంపలు. మొక్కజొన్న ఆ చలికి తట్టుకోదు. దానికి మెట్లమెట్లుగా చెక్కిన పొలాలు కావాలి, కాలవలు కావాలి, ఎరువు కావాలి. అంటే వేలమంది చాకిరి కావాలి. రాజ్యం చేసే పూజలూ పండగలూ అన్నీ మొక్కజొన్న చుట్టూ తిరిగాయి. రైతు బతుకు దుంప చుట్టూ తిరిగింది. గాదెల్లోని సరుకు ప్రధానంగా పోయింది సైన్యానికీ, కొలువుకూ, రాజ్యంకోసం పనిచేసే కూలిదండుకూ. కరువొస్తే రైతును ఆదుకున్నది మొదట తన అయ్యూ, తన చుట్టాలు. ఆర్తరక్షణ చేసిన రాజ్యమన్న కథను ముర్రా అప్పుడే తోసిపుచ్చాడు.

ముర్రా చేతిలో వున్నవి స్పానిష్ కాగితాలు. ఎముకలు తర్వాత మాట్లాడాయి. అవి మాట్లాడే తీరు కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో మంత్రం లేదు.

మనం తిన్న తిండే మన ఎముక అవుతుంది. మొక్కలు గాలిలోని కర్బనాన్ని అన్నీ ఒకేలాగ పట్టుకోవు. మొక్కజొన్న పట్టుకునే పద్ధతి వేరు. దానిలో బరువైన కర్బనం పాలు కొంచెం ఎక్కువ వుంటుంది. బంగాళాదుంపలో, కినోవాలో, చిక్కుళ్లలో అది తక్కువ. ఏళ్లతరబడి మొక్కజొన్న తిన్నవాడి ఎముకలో ఆ గుర్తు మిగులుతుంది. అలాగే నత్రజని పాళ్లనుబట్టి మాంసం, చేప ఏపాటి తిన్నాడో అంచనా కట్టవచ్చు. పన్ను చిన్నతనంలో ఏర్పడి మరి మారదు గనక బాల్యంలో తిన్న తిండిని చెబుతుంది. ఎముక నెమ్మదిగా తనను తాను మార్చుకుంటూ వుంటుంది గనక చివరి అనేక సంవత్సరాల సగటు చెబుతుంది. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది గనక చివరి నెలల లెక్క చెబుతుంది. ఇక రోగాల సంగతి: రక్తహీనత పుర్రె పైభాగాన, కంటిగూటి కప్పులో సన్నని రంధ్రాలుగా కనిపిస్తుంది. చిన్నతనంలో జబ్బో పస్తో తగిలితే పంటి ఎనామెల్‌మీద అడ్డగీతలు పడతాయి. చాకిరి కీళ్లలో అరుగుదలగా మిగులుతుంది.

ఈ పరీక్ష మొదట పడగొట్టింది ఒక ప్రియమైన సిద్ధాంతాన్ని: మొక్కజొన్న వచ్చింది గనకనే ఆండీస్‌లో నాగరికత వచ్చిందనేదాన్ని. క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలో వెలిగిన చావీన్ మహాలయం దగ్గర దొరికిన ఎముకలను పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించారు. ఆ జనం ప్రధానంగా తిన్నది మొక్కజొన్న కాదు. దుంపలూ కినోవా వంటివీ. అంతకన్న ఎంతో పూర్వులు, తీతీకాకా సరస్సు ప్రాంతంలో సుమారు 9,000 నుంచి 6,500 ఏళ్లకింద బతికిన 24 మంది ఎముకలను చూసి 2024లో తేల్చిన లెక్క ఇంకా విచిత్రం. పేరుకు వేటగాళ్లు. తిన్నది సుమారు 80 పాళ్లు మొక్కలు, 20 పాళ్లు మాంసం. బల్లెం పట్టిన మగవాడు వీరగాథ కెక్కాడు. దుంప తవ్విన చేతికి వీరగాథ లేదు. కడుపు నింపింది ఆ చెయ్యి.

ఇప్పుడు గాదెల లోయకే వద్దాం. మంతారో లోయను ఇన్కాలు జయించింది సుమారు 1460లో. జయానికి ముందటి ఎముకలనూ, తర్వాతి ఎముకలనూ పక్కపక్కన పెట్టి చూసింది క్రిస్టీన్ హాస్టార్ఫ్ అనే శాస్త్రవేత్త. 1991లో ఆమె ప్రకటించిన ఫలితం ప్రతి ఉపన్యాసకుడూ కంఠస్థం చెయ్యదగింది. ఇన్కాలు రాకముందు ఆడవారి ఎముకలకూ, మగవారి ఎముకలకూ తిండిలో తేడా లేదు. ఇన్కాలు వచ్చాక మగవారిలో దాదాపు సగంమంది ఎముకల్లో మొక్కజొన్న గుర్తు ఆడవారికన్న బాగా పెరిగింది. ఒకే లోయ, ఒకే పొలాలు, ఒకే ఇల్లు. ఎముకలు మాత్రం రెండు రకాలయ్యాయి.

ఎందుకు? అది తిన్న మొక్కజొన్నో, తాగిన మొక్కజొన్నో ఎముక విడదీసి చెప్పలేదు. కాని ఇన్కా రాజ్యం మిత అనే పేరుతో ప్రతి ఇంటినుంచీ పనిని గుంజుకునేదని మనకు తెలుసు. మన భాషలో దానికి దగ్గర మాట వెట్టి. తేడా ఏమిటంటే, ఆ వెట్టిలో ప్రభువు విందు పెట్టేవాడు. చిచా అనే మొక్కజొన్న కల్లు కుండలకొద్దీ పోయించేవాడు. పనికి పిలిచింది మగవాణ్ణి, విందులో కూర్చోబెట్టింది మగవాణ్ణి. గింజ నానబెట్టి, మొలకెత్తించి, నూరి, కాచి చిచా చేసింది ఆడది. హాస్టార్ఫ్ చెప్పిన కారణం ఇదే. పరీక్షించిన ఎముకలు కొద్దిమందివేనన్నది నిజం. ఒక్క లోయనుబట్టి సామ్రాజ్యమంతటికీ తీర్పు చెప్పకూడదన్నదీ నిజం. కాని గాదెల పక్కనే, గాదెలు నిండుగా వున్న కాలంలోనే, పంపకం సమానంగా లేదని తేలింది. ఔదార్యం అనుకున్నది కూలి ఇచ్చే పద్ధతి. ఆ కూలి అందరికీ అందలేదు.

ఇంతకన్న క్రూరమైన ఔదార్యం మరొకటి వుంది. అర్జెంటీనా సరిహద్దులో యుయాయియాకో అనే అగ్నిపర్వతం శిఖరం దగ్గర, 6,700 మీటర్లకు పైన, 1999లో ముగ్గురు పిల్లల దేహాలు మంచులో చెడకుండా దొరికాయి. ఇన్కా రాజ్యం దేవతలకు అర్పించిన పిల్లలు. వారిలో పెద్దది సుమారు 13 ఏళ్ల బాలిక. ఆమె వెంట్రుకలను పొడవునా పరీక్షించి 2007లో ఒక సంగతి చెప్పారు: చావుకు సుమారు ఏడాది ముందువరకూ ఆమె దుంపలు ముఖ్యమైన మామూలు రైతు తిండి తిన్నది, అప్పటినుంచి హఠాత్తుగా మొక్కజొన్నా, మాంసమూ తిండిలో చేరాయి. 2013లో మరో పరీక్ష: చివరి ఏడాదిలో కోకా ఆకు వాడకం బాగా పెరిగింది, చివరి వారాల్లో మద్యం మరీ పెరిగింది. ఇన్కాలు నరబలి ఎరగరని గార్సిలాసో వ్రాశాడు. నాలుగు శతాబ్దాల తర్వాత ఒక రైతుపిల్ల జడ ఆ మాటను కొట్టివేసింది. రాజ్యం ఆమెకు బాగా తిండి పెట్టిన మాట నిజమే. ఎందుకు పెట్టిందో కూడా చెప్పకపోతే ఆ మాట అబద్ధంకన్న అన్యాయం.

రాజులు ఏం తిన్నారో ఎముకలద్వారా తెలుసుకునే అవకాశం లేకపోయింది. చనిపోయిన ఇన్కా ప్రభువుల దేహాలను భద్రపరచి, పండగలకు బయటికి తెచ్చి, ఎదుట విందు పెట్టేవారు. 1559లో స్పానిష్ అధికారి పోలో దె ఒందెగార్దో వాటిలో కొన్నింటిని పట్టుకున్నాడు. వాటిని లీమాకు పంపారు. ఆ తర్వాత జాడ లేదు. మిగిలినవి నౌకర్ల ఎముకలు. మాచూ పిచ్చూ సమాధుల్లో 1912లో అమెరికన్లు తవ్వి తీసుకుపోయినవి అటువంటివే. వాటిని పరీక్షించిన జార్జ్ ఈటన్ 1916లో అవి చాలావరకు స్త్రీలవని వ్రాశాడు. దానిమీద సూర్యదేవుని కన్యల మఠమని ఒక శృంగార కథ అల్లుకుంది. ఆండీస్ మనుషులు పొట్టివారు, సన్ననివారు; పరదేశపు కొలతతో చూసిన కంటికి మగవాడి ఎముక కూడా ఆడదానిలాగ కనిపించింది. జాన్ వెరానో తిరిగి పరీక్షిస్తే స్త్రీలూ పురుషులూ దాదాపు సమానంగా వున్నారు, పిల్లలూ వున్నారు. పళ్లలోని రసాయన గుర్తులు వాళ్లు సామ్రాజ్యపు నలుమూలలనుంచీ వచ్చినవాళ్లని చెప్పాయి. కన్యలూ కాదు, మఠమూ కాదు; రాజు విడిదిలో చాకిరి చెయ్యడానికి తమ వూళ్లనుంచి పెకలించి తెచ్చిన సంసారులు.

ఇంతవరకూ చదివి, రాజ్యం లేని కాలమే స్వర్ణయుగమని తేల్చబోయే మిత్రులు కాస్త ఆగాలి. ఎముక మన పార్టీ సభ్యురాలు కాదు. ఈనాటి చిలీ ఉత్తర తీరంలో సుమారు ఏడు వేల ఏళ్లకిందటే చనిపోయినవారిని భద్రపరిచిన చించొర్రో జనం చేపలమీద బతికారు. చల్లని సముద్రంలో మునిగి మునిగి మగవారి చెవి రంధ్రాల్లో ఎముక పెరిగింది. సరిగా ఉడకని చేపద్వారా వచ్చే పురుగులు వాళ్ల పేగుల్లో వున్నాయి. పెరూ తీరంలో అనేక కాలాల పిల్లల పుర్రెలమీద రక్తహీనత గుర్తులు విరివిగా వున్నాయి. దానికి తిండి ఒక్కటే కాక, పురుగులూ చెడునీరూ కూడా కారణమని 2005లో వచ్చిన పరిశోధన వాదించింది. క్షయరోగం తెల్లవాళ్లు తెచ్చిందనే మాట కూడా అంత సులభంగా నిలవలేదు. కొలంబసుకు ముందే చనిపోయిన పెరూ మనుషుల ఎముకల్లో క్షయ క్రిమి జన్యువులు దొరికాయి. 2014లో వాటిని చదివినవారు ఆ క్రిమి సముద్రపు సీల్ జంతువులనుంచి మనుషులకు సోకిందన్నారు. వారీ రాజ్యం పడిపోయాక, ఇన్కాలు లేవకముందు, కొండకొనలమీద కోటలు వెలిశాయి. ఆ కాలపు పుర్రెలమీద దెబ్బల గుర్తులు అనేకచోట్ల పెరిగాయి. పెద్ద రాజ్యం కూలినంత మాత్రాన పేదవాడికి శాంతి వచ్చి పడదు.

అలాగే, ఎముక అబద్ధం ఆడదని నినాదం చేసేవారికీ ఒక హెచ్చరిక. 1992లో నలుగురు పండితులు ఒక చిక్కు చూపించారు. ఎముకమీద రోగచిహ్నం పడాలంటే మనిషి ఆ రోగంతో కొంతకాలం బతకాలి. చిహ్నం లేని ఎముక ఆరోగ్యవంతుడిది కావచ్చు. రోగం తగిలిన వారానికే చనిపోయిన బలహీనుడిది కూడా కావచ్చు. కనుక ఎముకను చదవడమంటే అతని ఇంటినీ, పొలాన్నీ, సమాధిలో పెట్టిన కుండనూ, అతనిమీద అధికారం చేసినవాణ్ణీ కూడా చదవడం. పద్యాన్ని సందర్భంనుంచి ఊడబెరికి అర్థం చెప్పేవాణ్ణి మనం విమర్శకుడనం. ఎముక విషయంలో కూడా అంతే.

వేరొక వైపునుంచి వచ్చే వాదం మరీ ప్రమాదకరం. ఇన్కాలూ పీడకులేగదా, స్పెయిన్ వచ్చి ఒరగని మేలేమి పోగొట్టింది అని అడిగేవారున్నారు. వాళ్లకు పెరూ ఉత్తర తీరంలోని మోర్రోపే చర్చి కింద దొరికిన ఎముకలు సమాధానం చెబుతాయి. అక్కడ పూడ్చినవారు వలస పాలనలో బతికిన దేశీయ ముచిక్ జనం. హాగెన్ క్లౌస్, మాన్వేల్ తామ్ 2009లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, వలసకు ముందటి ఎముకలతో పోలిస్తే వీరిలో రక్తహీనత, ఎముకకు సోకిన వ్యాధులు, కీళ్ల అరుగుదల — అన్నీ పెరిగాయి. ఒక దోపిడీని తప్పుపట్టినంత మాత్రాన మరొక దోపిడీకి వకాల్తా పట్టినట్టు కాదు. ఇన్కా గాదెను ప్రశ్నించేవాడు వలసదొర కొరడాను ముందుగా ప్రశ్నించాలి.

ఆ కొరడా శాస్త్రం చేతిలోకీ వచ్చిందని మరవకూడదు. ఫిలడెల్ఫియాలో సామ్యుల్ మోర్టన్ పెరూ పుర్రెలను రాశులుగా పోగుచేసి, 1839లో పుస్తకం వేసి, జాతులకు హెచ్చుతగ్గులు కట్టాడు. మాచూ పిచ్చూ ఎముకలూ వస్తువులూ దాదాపు వందేళ్లు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వుండి, 2010లో కుదిరిన ఒప్పందంమీద గాని పెరూకు తిరిగిపోలేదు. ఒకనాడు ఆ ప్రజల చాకిరి గుంజుకున్నారు, ఆనక భూమి గుంజుకున్నారు, చివరికి ఎముకలు కూడా గుంజుకున్నారు. ఆ ఎముకలు ఎవరి తాతలవో వాళ్ల అనుమతీ, భాగస్వామ్యమూ లేకుండా వాటినుంచి సత్యం రాబడతామనడం శాస్త్రం కాదు, దొరతనం.

ఇదంతా చెప్పి నేను మరియాతెగి ఆశను తీసివెయ్యడం లేదు. అయ్యూ నిజమైన సమష్టి జీవనం. దాని బలం శతాబ్దాల పీడనలోనూ చావలేదు. పొరపాటు ఎక్కడంటే, ఆ సమష్టినుంచి చాకిరి పిండుకున్న రాజ్యాన్నే సమష్టి అని పిలవడంలో. అయ్యూ వేరు, ఇన్కా వేరు. వండినవాడు వేరు, వడ్డించమని ఆజ్ఞ ఇచ్చినవాడు వేరు. ఈ తేడా చెరిపేసినవాడు ఇన్కాలనే కాదు, ఏ కాలపు రాజ్యాన్నయినా దాని గోదాముల లెక్కనుబట్టి మెచ్చుకుంటాడు.

కనుక మన అధ్యాపకులకూ విద్యార్థులకూ నేను చేసే మనవి పెద్దది కాదు. ఇకమీద ఎవరైనా ఒక రాజ్యం ప్రజలను పోషించిందని చెబితే, గాదెలు ఎన్ని అని అడగడంతో ఆగకండి. ఎవరికి ఎంత పెట్టింది, ఎందుకు పెట్టింది, వండిన మనిషి తిన్నదా అని అడగండి. సగటు చెబితే ఒప్పుకోకండి. ఆడవారి లెక్క, పిల్లల లెక్క, నౌకర్ల లెక్క విడివిడిగా చెప్పమనండి. వచ్చిన సమాధానం మనకు నచ్చినా నచ్చకపోయినా అచ్చువేద్దాం. మంతారో లోయలో చిచా కాచిన స్త్రీ తన మాట చెప్పుకోవడానికి అయిదు వందల ఏళ్లకు పైగా పట్టింది. ఇప్పుడు చెప్పింది గదా. మనకు ఇష్టమైన కథ కోసం ఆమె మాట కొట్టివెయ్యడానికి మనమెవరం?